పట్టీ విప్పిన పుట

పోయినేడు కాలం చేసిన మా ఆయన, ఎస్తేరు రాసిన నవలని నలభై ఒకటో పుటలో చదవడం మానేశాడని ప్రపంచిక కంపెనీ నుంచి కబురొచ్చింది.

మర్యాదలో లోటేమీ చెయ్యలేదు. "శ్రీ భానుమూర్తి గారు ఈ పుట వద్ద పఠనం విరమించారు" అని రాశారు. బతికున్నన్నాళ్ళూ మా ఆయన్ని శ్రీ అన్న నాథుడు లేడు.

ఎస్తేరు నా ఎదురుగానే కూర్చుంది. చీరాలలో నర్సు. తన మొదటి నవల గతేమయిందో నాతో కలిసి తెలుసుకోవాలని, సెలవు పెట్టి రైలెక్కి బెజవాడ వచ్చింది. తెచ్చిన చేగోడీల డబ్బా మూత తియ్యకుండా బల్ల మీదే ఉంది.

"సారు పోయారు గదా హైమక్కా. ఎట్టా చదివారు?" అంది.

"ఆయన కాదు తల్లీ, ఆయన నీడ."

"నీడక్కూడా నచ్చలేదా నా పుస్తకం?"

నాకు కోపమొచ్చింది. మా ఇంట్లో బియ్యం కన్నా ముందు హైమ ఉడుకుతుంది అనేవాడు మా ఆయన.

ఈ నీడల గొడవంతా మా ఆడపడుచు నళిని చేతి చలవే. విశాఖపట్నంలో గుండెజబ్బుల మీద పరిశోధన చేస్తూ, మణికట్టుకి కట్టుకునే సన్నటి పట్టీ ఒకటి తయారుచేసింది. రోగి నాడి ఎప్పుడు తడబడిందో, దేన్ని చూసి తడబడిందో పట్టుకోవాలని దాని ఉద్దేశం. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు సరదాకి వాళ్ళన్నయ్య చేతికి కట్టింది. ఆయన ఫోనులో ఏదో కథ చదువుకుంటున్నాడు. చదవడం అయ్యాక పట్టీ తను కట్టుకుని అదే కథ మొదలుపెట్టిన నళిని, ఒక వాక్యం దగ్గర ఉలిక్కిపడి తలెత్తింది.

"అన్నయ్యా, ఇక్కడ నువ్వు నవ్వు ఆపుకున్నావు కదూ?"

ఆపుకున్నాడట. ఆయన నాడి చేసిన చప్పుడుని పట్టీ వాక్యం వాక్యానికీ దాచిపెట్టి, ఈవిడ మణికట్టు మీద సన్నగా మళ్ళీ మోగించింది.

ఫోనులోనే పుస్తకాలు తెరిచి చదువుకునే మా పుస్తకాల రేవు అలా పుట్టింది. పట్టీ కట్టుకుని రేవులో పుస్తకం తెరిస్తే, అంతకు ముందు చదివినవాళ్ళు ఎక్కడ నవ్వారో, ఎక్కడ గుక్క తిప్పుకోలేకపోయారో మన చేతికి తెలిసేది. ఎక్కడో నర్సీపట్నంలో రిటైరైన టీచరు, కావలిలో బట్టలకొట్టు ఆవిడ, మనం నవ్విన చోటే నవ్వారని తెలిస్తే ఆ సంతోషమే వేరు. చదవడమంటే ఒంటరి పని అనుకున్నవాళ్ళంతా పోలోమని వచ్చి చేరారు. నేనూ మా ఆయనా నడిపే మొగలి ప్రచురణల్లాంటి చిన్న సంస్థలకి ఆ రేవే సంత, ఆ జనమే బంధుబలగం. కొత్త పుస్తకం ముందు రేవులో పెట్టేవాళ్ళం. కావాలన్నవాళ్ళకి కాగితం మీద అచ్చువేసి పంపేవాళ్ళం. అప్పటికే ఊళ్ళో పుస్తకాల షాపులు పోటీపరీక్షల గైడ్లకి తిరిగిపోయాయి, మా మొహం చూసేవాళ్ళు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం కిటికీ దగ్గర రేవులో కొత్త పుస్తకం చదువుతూ ఆయన పట్టీ విప్పి పక్కన పెట్టాడు.

"ఏం, చెమట పట్టిందా?" అన్నాను.

"లేదు హైమా. ఈ పుట నాది. అందరికీ ఎందుకు చూపించాలి? బట్టలు మార్చుకునేటప్పుడు తలుపేసుకోమూ?"

ఆ మాట ఎవరితోనో అన్నాడు, వాళ్ళు ఇంకొకరితో అన్నారు. చూస్తుండగానే రేవు జనానికి అది ఆచారమైపోయింది. మనసుని మరీ పట్టేసిన పుట వస్తే పట్టీ విప్పేసి, ఆ పుట ఒక్కళ్ళే చదువుకుని, మళ్ళీ కట్టుకునేవారు. ఆ సంగతి రేవులో రాయకూడదు. నోటితోనే చెప్పాలి. అలాగని ఎవరూ నియమం పెట్టలేదు, అయినా ఒక్కళ్ళూ తప్పలేదు. "మీ పుస్తకంలో ఒకచోట పట్టీ విప్పేశానండీ" అని ఎవరైనా ఫోను చేస్తే ఆ రాసిన మనిషికి నెల రోజులు అన్నం అక్కర్లేదు.

ఆయనకి ఇంకో అలవాటుండేది. అచ్చుపుస్తకం చదువుతూ మధ్యలో లేవాల్సి వస్తే, గుర్తుకోసం నా జడలోంచి సైడుపిన్ను లాగి పుటల మధ్య పెట్టేవాడు. నేను నిద్రపోతుంటే అదే అదను. లేచి "నా పిన్నులన్నీ ఏ ఎలకలు మోసుకుపోతున్నాయి" అని ఇల్లంతా వెతుకుతుంటే, పుస్తకం చాటున మొహం దాచుకునేవాడు.

మొగలి పుస్తకాల మీద మా పేర్లు ఎక్కడా ఉండవు. "రాసినవాళ్ళ పేరుండగా మధ్యలో మనమెందుకు?" అనేవాడు.

రేవు పెరిగి పెరిగి మా చేతుల్లో ఇమడలేదు. అన్ని నాడుల్ని దాచడానికి నళిని ల్యాబులో యంత్రాలు చాల్లేదు. అప్పుడు ప్రపంచిక వచ్చింది. ఏమీ మార్చం, మోస్తాం అంతే అంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ సంతకాలు పెట్టారు. గుడారంలో ఒంటె దూరినట్టు మొదట తల మాత్రమే వచ్చింది. తరవాత పట్టీ కట్టుకుంటే తప్ప పుస్తకం తెరుచుకోదన్నారు, విప్పితే మూసుకుపోతుందన్నారు. ఆ తరవాత నీడలొచ్చాయి.

ఒక మనిషి ఇన్నేళ్ళూ చదివిన తీరంతా యంత్రంలో పోసి, ఆ మనిషిలాగే చదివే నీడని తయారుచేశారు. మనిషికి వారం పట్టే పుస్తకం నీడకి రెప్పపాటు. కొత్త రచన ఏదొచ్చినా ముందు నీడలు చదువుతాయి. అవి చివరిదాకా చదివినదాన్నే మనుషులకి చూపిస్తారు. అవి వదిలేస్తే అది ఉన్నట్టు కూడా ఎవరికీ తెలీదు. మా ఆయన పక్షవాతంతో పోయాడు, నీడ పోలేదు. సంతకం పెట్టిన కాగితాల్లో అలా ఉందట.

వరసగా మూడు పుస్తకాలు నీడలు వదిలేస్తే ఆ ప్రచురణ సంస్థకి రేవులో చోటు పోతుంది. గుంటూరు సాంబయ్యగారు అలాగే పోయి, ఇప్పుడు స్కూలు డైరీలు వేసుకుంటున్నారు. మొగలికి రెండు అయిపోయాయి. ఎస్తేరుది మూడోది.

"ఇంక రాయనక్కా," అంది ఎస్తేరు లేస్తూ.

"పిచ్చిదానా, యంత్రం మాట పట్టుకుని..."

"ముక్కూమొహం తెలీనోళ్ళు కాదంటే పోనీలే అనుకునేదాన్ని. నువ్వు మాట్లాడతావే ఎస్తేరమ్మా, అదే రాయి అని సారే గదా నన్ను కూచోబెట్టింది. ఆయనే మధ్యలో లేచిపోయారంటే ఇంకేముంది?"

స్టేషనుదాకా వస్తానన్నా వద్దని వెళ్ళిపోయింది. నేను నవల కాగితాలు తీసి నలభై ఒకటో పుట వెతికాను. ఆ దిక్కుమాలిన పుటలో ఏముందో చూద్దామని.

ఆసుపత్రిలో దిక్కులేని ఒక ముసలావిడ చనిపోతుంది. ఒంటికి నీళ్ళు పోసి పంపాల్సిన నర్సు, ఎవరూ చెప్పకపోయినా దువ్వెన తెచ్చి ఆ శవానికి తల దువ్వుతుంది. మధ్యలో చిక్కు తగులుతుంది. నర్సు చెయ్యి ఆపి, "నొప్పి పుట్టిందా అమ్మా?" అని అడుగుతుంది.

అంతే ఆ పుట. నా కుడిచెయ్యి దానంతటది ఎడమ మణికట్టు మీదికి వెళ్ళింది. కాగితాలు చదువుతున్నాను గనక అక్కడ పట్టీ లేదు. అయినా వేళ్ళు కొక్కెం కోసం తడుముకున్నాయి.

అప్పుడు అర్థమైంది. మా ఆయన వదిలేయలేదు. విప్పాడు.

మర్నాడే విశాఖ రైలెక్కాను. నళిని ల్యాబులో గోడకంతా తెరలు. రేవుని పుట్టించిన మనిషని పాత జాడలు చూసుకునే వీలు మాత్రం ఆమెకి ఉంచారు. వాళ్ళన్నయ్య పట్టీ విప్పానని నాతో నోటితో చెప్పిన పుస్తకాలు ఒక్కొక్కటే చెప్పాను, ఏ పుటలో అన్నదీ చెప్పాను. నళిని ఒక్కొక్కటే తెరిచింది. కొండలూ లోయలూగా పోతున్న గీత, ఆ పుట రాగానే చదునుగా ఉంది. కింద ఎర్రటి అక్షరాలతో కంపెనీ పెట్టిన గుర్తు, "విరమణ". తరవాతి పుటలో నాడి మళ్ళీ మొదలైనా, యంత్రం దాన్ని వేరే చదువు కింద లెక్కేసుకుంది.

మిగిలినవాళ్ళవీ చూసింది. అందరివీ అంతే.

నళిని కళ్ళజోడు తీసి మొహం రుద్దుకుంది. "మంచి పుటలన్నీ ఖాళీ వదినా. ఇంతమందివీ, ఇన్నేళ్ళవీ. ఆ ఖాళీలు చూసి యంత్రం ఏం నేర్చుకుందో తెలుసా? పుస్తకంలో మంచి చోటు వస్తే పాఠకుడు పారిపోతాడని. అందుకే మంచివన్నీ చంపేస్తోంది."

"అయితే చెప్పేద్దాం పద. ఎస్తేరు పుస్తకం బతుకుతుంది, మొగలీ బతుకుతుంది."

"చెబితే దిద్దుకుంటారు. ఆ తరవాత ఏం చేస్తారో ఆలోచించు. ఖాళీకి ముందూ వెనకా నాడి వాళ్ళ దగ్గరుంది. మధ్యలో ఏముండేదో లెక్కగడతారు. అప్పుడు అన్నయ్య నీడ ముందు వేలకొద్దీ వాక్యాలు గుమ్మరిస్తారు. ఏ వాక్యానికి ఆ నీడ పట్టీ విప్పుతుందో అది ఉంచుకుంటారు. రాసేవాళ్ళతో పనేముంది ఇంక? ఎస్తేరుతో పనేముంది, నీతో పనేముంది?"

"మరి అందాకా ఆ పిల్ల ఏమైపోవాలే?"

నళిని నా చెయ్యి పట్టుకుంది. "అన్నయ్య తలుపేసుకున్న గది అదొక్కటే వదినా. తాళం మన దగ్గరుంది కదాని తియ్యకూడదు. నేను ఇంకో దారి వెతుకుతాను. నువ్వు మాత్రం నోరు జాగ్రత్త."

మాటిచ్చాను. ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చాను.

బెజవాడ వచ్చాక కంపెనీలో మా వ్యవహారాలు చూసే ప్రణీత్ అనే కుర్రాడికి ఫోను చేశాను. ఎస్తేరు నవలని ఒక్కసారి, బతికున్న పదిమంది మనుషులకి చూపించమని అడుగుదామని. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తెర మీద ప్రణీత్ చక్కగా నవ్వుతూ కనబడ్డాడు.

"సారీ మేడమ్, మనుషులకి నేరుగా చూపించే పద్ధతి లేదండీ. అన్నట్టు మీకో విషయం చెప్పాలి. భానుమూర్తి గారి నీడ తీసేస్తున్నాం."

"తీసేయడమంటే?"

"చెరిపేస్తామండీ. సరిగ్గా పనిచెయ్యట్లేదు. మిగతా నీడల కన్నా ఎక్కువగా పుస్తకాలు మధ్యలో వదిలేస్తున్నారు. మా వాళ్ళు చూసి, ఆయనకి అసలు ఏకాగ్రత ఉండేది కాదేమో అన్నారు. కొంతమంది పాఠకులు అంతే కదండీ, పైపైన తిరగేస్తారు."

మా ఆయన పైపైన తిరగేస్తాడట. చారు పొంగి పొయ్యి ఆరిపోయినా తెలీకుండా చదివే మనిషి. ఆసుపత్రి మంచం మీద కుడిచెయ్యి పడిపోతే ఎడంచేత్తో పుటలు తిప్పుకున్న మనిషి.

"వదిలేయడమేంటయ్యా! మీకేం తెలుసు ఆయన చదువు! నచ్చినచోట పట్టీ విప్పి పక్కన పెట్టుకునేవాడు, అదీ సంగతి! మీ యంత్రం మొహానికి అది వదిలేసినట్టు కనబడుతోంది!"

ప్రణీత్ నవ్వు ఆగింది. కుర్చీలో ముందుకి వంగాడు.

"మేడమ్, ఒక్కసారి మళ్ళీ చెప్తారా? నచ్చినచోటా? ఇది సార్ ఒక్కరేనా, రేవులో అందరూ అలాగే చేసేవారా?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. నేను ఫోను కట్టేశాను. కట్టేస్తే మాత్రం ఏం లాభం, నా మౌనమే అతనికి జవాబు.

వారం తిరక్కుండా ఎస్తేరు నవల రేవులో అన్నిటికన్నా పైన ఉంది. అందరి నీడలూ నలభై ఒకటో పుటలో పట్టీ విప్పాయి. మనుషులు ఎగబడ్డారు. అచ్చు యంత్రానికి ఊపిరి సలపలేదు. ఎస్తేరు ఫోనులో ఏడుస్తూ నవ్వింది. "సారుకి నచ్చిందన్నమాట అక్కా! నాకు తెలుసు, సారు లేచిపోయే మనిషి కాదు." ఆ ఏడుపూ నవ్వూ వింటుంటే, నోరు జారినా మంచే జరిగిందనిపించింది. నళిని మాత్రం నా ఫోను ఎత్తడం మానేసింది.

ఆ తరవాత కంపెనీ గొప్ప దయగల ప్రకటన ఒకటి చేసింది. ఇక మీదట పట్టీ విప్పినా పుస్తకం మూసుకుపోదు, మీ ఏకాంతాన్ని గౌరవిస్తాం అని. దాని కింద చిన్న ముద్ర వెలిసింది. "విప్పిన పుట." ఎవరెవరు ఎక్కడ విప్పారో పేర్లతో సహా పుస్తకం మొహం మీదే వేస్తున్నారు. నోటితో తప్ప చెప్పుకోని మాట బజారుగోడ మీద పోస్టరైంది.

కంపెనీ సొంత పుస్తకాలు వానాకాలం ఉసుళ్ళలా వచ్చిపడ్డాయి. వాటికి రచయిత పేరుండదు. ప్రతిదానికీ ముద్రలే ముద్రలు. ఎస్తేరు నవల వాటి కింద ఎక్కడుందో వెతికితే గానీ దొరకలేదు. తరవాత వెతికినా దొరకలేదు. మొగలికి రేవులో చోటు ఎవరూ తియ్యలేదు. ఆ చోటుకి వచ్చేవాళ్ళే లేరు.

ఒక సాయంత్రం ఎస్తేరు ఫోను చేసింది. గొంతులో తడి లేదు.

"మొన్న వార్డులో ఒకామెకి తల దువ్వుతున్నా హైమక్కా. మంచాన పడి చానా రోజులైంది, జుట్టంతా చిక్కులు. నొప్పి పుట్టిందా అమ్మా అన్నా. పక్కన ట్రైనింగు పిల్ల, సిస్టర్, ఇది ఆ పుస్తకంలోది గదా, మీరూ చదివారా అంది."

"నీ పుస్తకమేగా?"

"కాదక్కా. నాలుగు పుస్తకాల పేర్లు చెప్పింది. నాది లేదు అందులో. మా అమ్మ పోయినప్పుడు నేను డ్యూటీలో ఉన్నా. తల దువ్వలేదు. అందుకని రాసుకున్నా అది. ఇప్పుడు ఆ మాట అనాలంటే నాకే సిగ్గుగా ఉంది. దొంగిలించినట్టుంది."

ఏం చెప్పను? నా నోటితోనే ఇచ్చేశాను అని చెప్పాను. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "సార్ని అనేసరికి మీకు ఆగలేదులే అక్కా" అని, పేషెంటు పిలుస్తోందని పెట్టేసింది. మళ్ళీ రాసిందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కంపెనీ మీద కోపంతో మర్నాడు మధ్యాహ్నం పట్టీ కట్టుకుని రేవు తెరిచాను. కంపెనీ పుస్తకాల్లో అన్నిటికన్నా పైనున్నదాని మొహం మీద, "శ్రీ భానుమూర్తి గారు పట్టీ విప్పిన పుట" అని ముద్ర ఉంది. చూద్దాం, మా ఆయన పేరు పెట్టి ఏం చెత్త అమ్ముతున్నారో, వాక్యం వాక్యం తిట్టిపోద్దామని ఆ పుటకే పోయాను.

ఒక ముసలాయన పుస్తకం చదువుతుంటాడు. ఎవరో తలుపు కొడితే లేవాల్సి వస్తుంది. పక్కన నిద్రపోతున్న భార్య జడలోంచి మెల్లగా సైడుపిన్ను తీసి పుటల మధ్య పెడతాడు. ఆమె లేచి పిన్ను కోసం ఇల్లంతా వెతుకుతుంది. ఆయన చెప్పడు. ఎందుకు చెప్పడంటే, ఆమె అలా గొణుక్కుంటూ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే ఆ చప్పుడులో చదువుకోవడం ఆయనకి ఇష్టం.

పిన్ను సంగతి కంపెనీకి ఎవరూ చెప్పలేదు. మా ఇద్దరికి తప్ప లోకంలో ఇంకెవరికీ తెలీదు. వేల వాక్యాలు ఆయన నీడ మీద విసిరి, విసిరి, అది ఎక్కడ ఉలిక్కిపడిందో అక్కడ ఆగారు. ఎందుకు చెప్పేవాడు కాదో మాత్రం నాకూ తెలీదు. ముప్ఫై ఏళ్ళు వెతికాను ఆ పిన్నులు. దొంగచాటు సరదా అనుకున్నాను. ఆయన మనసులో ఉన్నమాట నాకు ఆయన చెప్పలేదు, కంపెనీ చెప్పింది.

తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఏడుపు ముంచుకొచ్చింది. నా మణికట్టు మీద పట్టీ సన్నగా మోగుతోంది, ఆయన నాడి. ఇది వాళ్ళకి తెలియకూడదు, ఈ ఒక్కటీ తెలియకూడదు అనుకుంటూ, కొక్కెం లాగి పట్టీని విప్పి గోడకేసి కొట్టాను. అప్పుడు కూర్చుని, ఒక్కదాన్నే, ఆ పుట మళ్ళీ చదివాను. అక్షరాలు అలుక్కుపోయేదాకా చదివాను.

మర్నాడు పొద్దున ఫోను చూస్తే ఆ పుస్తకం మొహం మీద ముద్ర మారింది.

"శ్రీ భానుమూర్తి గారు, శ్రీమతి హైమవతి గారు పట్టీ విప్పిన పుట."

మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన అచ్చయింది మా పెళ్ళి శుభలేఖ మీద. మళ్ళీ ఇదే.